బ్యాటరీ ఎవరిదో లెక్క వారిది

జూన్ 9, ఆదివారం

రాకెట్లన్నీ ఎగిరాయి. మా ఆయన కోల్ యూట్, ఆ వెనక సామాను తొట్టి ఉన్న బండి, ఒక్కటే కదల్లేదు.

సాయంత్రం సామాను సర్దుకుని తాళం తిప్పితే టక్కుమంది. అంతే. బ్యాటరీ ఖాళీ. మా బొమ్మ రాకెట్ల క్లబ్బు క్లబ్బంతా వెనక చేరి, మేం రాకెట్లు ఎగరేసే క్లెమ్ పొలం గేటు దాకా తోస్తే గాని బండి స్టార్టవలేదు. మందుల షాపు నడిపి రిటైరయిన మా ప్రెసిడెంటు మెర్విన్ బురదలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నేను పగలబడి నవ్వాను. నవ్వకూడదు. కాని నవ్వులో నత్తి ఉండదు, అదొక సుఖం.

దారి పొడుగునా నా మొగుడు ఒకటే తిట్టు. మీ రాకెట్లు నా బ్యాటరీని జలగల్లా పీల్చేశాయే, ఇక నా బండికి ఎవడైనా క్లిప్పు తగిలించాడో వాడి చెయ్యి విరిచేస్తా అన్నాడు. ఆ రాకెట్లలో సగం నువ్వు చేసినవే కదా అందామనుకున్నాను. మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుపోయాను. ఈలోగా ఇల్లు వచ్చేసింది.

నోటితో ఎప్పుడూ ఇంతే. ఇక్కడ మాత్రం కలం ఎక్కడా ఆగదు. అందుకే రాస్తాను. నేను అనాలనుకున్న మాటలు చాలామటుకు ఈ డైరీలోనే ఉన్నాయి. మిగతావి కోల్ పూర్తి చేస్తాడు. తరచూ తప్పుగా.

అసలు సంగతి రాయనేలేదు. మా క్లబ్బుకి మొదటినుంచీ ఒక ఆనవాయితీ ఉంది. బ్యాటరీ ఎవరిదో లెక్క వారిది. రాకెట్టు కింద మోటారులో సన్నటి తీగ ఉంటుంది, దానికి కరెంటు ఇస్తే నిప్పు పుడుతుంది. ఆ మీట నొక్కే ముందు ఐదు, నాలుగు, మూడు అని పొలమంతా వినిపించేలా అరిచే హక్కు బ్యాటరీ తెచ్చినవాళ్ళది. ఇన్నేళ్ళూ బ్యాటరీ కోల్ బండిది, గొంతు కోల్‌ది. గుర్రప్పందెం కామెంటరీ చెప్పేవాడిలా ఊపిరి తీసుకోకుండా లెక్కపెడతాడు. నేను శాండ్‌విచ్‌లు చేస్తాను, పడిన రాకెట్లు ఏరుకొస్తాను.

ఇక కోల్ బండి ఇవ్వడట.

నాకు లెక్కపెట్టాలని ఉంది. క్లబ్బులో చేరిన రోజు నుంచీ ఉంది. ఎవరికీ చెప్పలేదు.

జూన్ 10, సోమవారం

కొత్త బ్యాటరీ ధర కోల్ మూడుసార్లు చదివి వినిపించాడు. మూడోసారి నాకు కాదు, కుక్కకి.

జూన్ 15, శనివారం

మెర్విన్ షెడ్డులో మీటింగు. ఆగస్టులో పెద్ద రోజు ఉంది. ప్రైమరీ స్కూలు పిల్లలంతా తాము చేసిన రాకెట్లు పట్టుకుని వస్తారు. వాళ్ళు వస్తున్నారు సరే, నిప్పు ఎక్కడిది? నా బండిని మర్చిపోండి అన్నాడు కోల్. నా కారు నిండా కంప్యూటర్లేనయ్యా, క్లిప్పు పెడితే అలిగి కూర్చుంటుంది అన్నాడు మెర్విన్. మిగతా అందరూ షెడ్డు పైకప్పు ఇంత బాగుంటుందని అప్పుడే తెలిసినట్టు పైకి చూశారు. షాపులో దొరికే లాంచింగ్ సెట్టు కొందామంటే క్లబ్బు డబ్బాలో అంత లేదు.

నేను లేచాను. నే, నే, నేను తె, తె, అన్నాను.

టీ తెస్తానంటోంది, అన్నాడు కోల్.

అబ్బ, మంచి మాట చెప్పావు నెరిడా అన్నారు అందరూ. ఒకడు రెండు చెంచాల పంచదార అన్నాడు. ఇంకొకడు పాలు వద్దన్నాడు. నేను వెళ్ళి అందరికీ టీ పెట్టాను. కెటిల్ కంటే ముందు నేనే మరిగాను. ట్రే మీద, కప్పుల మధ్య, కేకు చుట్టిన కాగితం పరిచి పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను. బ్యాటరీ నేను తెస్తాను.

మెర్విన్ కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివాడు. ఆహా అన్నాడు. తర్వాత ఆనవాయితీ గుర్తొచ్చినట్టుంది, నా వంక చూసి, చటుక్కున బిస్కెట్ల వంక చూశాడు. మరి లెక్క... అని నసిగాడు. లెక్క కావాలంటే వేరే ఎవరైనా పెడతార్లేమ్మా, నీకెందుకు శ్రమ అన్నాడు.

వద్దు, అన్నాను.

ఒక్క మాట. ఎక్కడా ఆగకుండా బయటికి వచ్చింది. నాకే ఆశ్చర్యం వేసింది. కోల్ తన బూట్లు చూసుకుంటూ కూర్చున్నాడు.

జూన్ 18, మంగళవారం

పని చవగ్గా అవ్వాలి అనుకున్నాను. టార్చిలైటు సెల్లులు ఎనిమిది, వాటిని వరసగా పేర్చుకునే ప్లాస్టిక్ పెట్టె కొన్నాను. మీటరు పెడితే పన్నెండు వోల్టులు. కోల్ బండి బ్యాటరీకీ ఇదే కదా ఉండేది! వంటింట్లో చిన్న డాన్సు చేశాను. కుక్క చూసింది.

పెరట్లో తీగకి తగిలించి మీట నొక్కాను. ఏమీ లేదు. ఇంకా గట్టిగా నొక్కాను, గట్టిగా నొక్కితే కరెంటు ఎక్కువ వస్తుందన్నట్టు. తీగని వేలితో ముట్టుకుంటే గోరువెచ్చగా కూడా లేదు. పైన పటారం లోన లొటారం. వోల్టులైతే ఉన్నాయి, వాటి వెనక తోసే సత్తువ లేదు. చవకరకం సెల్లులు, అంత పొడుగు వైరు, ఇక ఏం మిగులుతుంది.

కోల్ కిటికీలోంచి చూశాడు. ఈల వేశాడు. ఏదైనా అనడం కంటే అది అన్యాయం.

జూన్ 22, శనివారం

ఊరి చెత్తకుప్ప పక్కన పాత సామాన్ల కొట్టు నడిపేది డల్సీ. ఊళ్ళో నా మాట అయ్యేదాకా ఆగేది తనొక్కతే. నా మీద దయ వల్ల కాదు, ఆ కాస్సేపట్లో సిగరెట్టు చుట్టుకోవచ్చని. నాకు అదే హాయి.

కొట్టు వెనక పారేసిన బ్యాటరీలు గుట్టగా ఉన్నాయి. అలారం పెట్టెల్లోవి, పిల్లల బొమ్మకార్లవి, ముసలివాళ్ళు కూర్చుని తిరిగే కరెంటు స్కూటర్లవి. డల్సీ ముందే చెప్పింది. పిల్లా, పాత బ్యాటరీ పాత మొగుడి లాంటిదే, ఊరికే కూర్చున్నంతసేపూ అంతా బాగానే కనిపిస్తుంది, బరువెత్తమను, అప్పుడు తెలుస్తుంది రంగు అంది. టార్చి సెల్లుల దగ్గర నేను నేర్చుకున్నదీ అదే. అందుకే ఈసారి మీటరుతో పాటు ఒక పాత హెడ్‌లైటు బల్బు పట్టుకెళ్ళాను. మీటరు ఎంత చూపించినా సరే, బల్బు తగిలించి చూడాలి. అది వెలుగుతూ నిలబడాలి.

చార్జరు పెట్టి ఒక్కొక్కటీ చూస్తూ పొద్దంతా అక్కడే గడిపాను. ఒకటి ఎర్రగా ఒక్క క్షణం వెలిగి కళ్ళు మూసింది. ఒకటి అదీ లేదు. ఒకటి ఉబ్బి ఉంది, దాన్ని ముట్టుకోవద్దని డల్సీ కర్రతో పక్కకి నెట్టింది. డల్సీ తెచ్చిన మాంసం కూరిన పఫ్ ఒకటి చెరిసగం తిన్నాం. ఇంటికి పోదాం అనుకుంటుండగా, ఎవరి స్కూటర్‌దో నల్లటి బ్యాటరీ, పక్కన గీతలు పడినది, బల్బుకి తగిలించాను. తెల్లగా వెలిగింది. అలాగే నిలబడింది. నేనూ డల్సీ కళ్ళు చికిలించుకుని బల్బు చుట్టూ కూర్చున్నాం, చలిమంట కాచుకుంటున్నట్టు.

ఏమివ్వాలి అని అడిగాను. మొదటి అక్షరం దగ్గర ఆగాను. డల్సీ సిగరెట్టు చుట్టింది. అడగడం అయ్యాక, నీ నారింజ మార్మలేడ్ జామ్ సీసా ఒకటి, పోయినసారిలా పల్చగా కాదు అంది.

జూన్ 30, ఆదివారం

పెట్టె తయారు. కోల్ గాలాల పెట్టె తీసుకున్నాను. పెళ్ళయిన ఏడు కొన్నాడు, ఇంతవరకూ ఒక్క చేప మొహం చూడలేదు. కింద బ్యాటరీ, కదలకుండా పాత యోగా చాప ముక్కలు. ప్లస్సు మీద రబ్బరు తొడుగు, పక్కనే ఫ్యూజు. పై అరలో మీట, మా పాత కాలింగ్ బెల్‌ది. తాళం చెవికి బదులు హెడ్‌ఫోన్ పిన్ను, అది గుచ్చితేనే కరెంటు బయటికి పోతుంది. తీగ తెగిపోలేదని చూపించడానికి ఒక దీపం, కోల్ పాత బండి ఇండికేటర్ బల్బు. బ్యాటరీ కాక ఇంట్లో దొరకనిది ఫ్యూజు ఒక్కటే.

నా గాలాలేవి అని కోల్ అరిచాడు. సాక్సుల సొరుగులో ఉన్నాయని నేను చెప్పేలోగా చెయ్యి పెట్టాడు.

జూలై 4, గురువారం, మధ్యాహ్నం మూడు

చేతికి ఇంకా గడ్డి అంటుకునే ఉంది, అయినా రాస్తాను.

మా ఇంటి వెనక ఖాళీ జాగాలో చిన్న రాకెట్టు నిలబెట్టాను. మెర్విన్ ఇచ్చిన కొత్తరకం తీగ, చాలా సున్నితం, ఇట్టే అంటుకుంటుందన్నాడు. క్లిప్పులు తగిలించి, వైరు పొడుగునా వెనక్కి నడిచి, పిన్ను గుచ్చాను. గొంతు సవరించుకున్నాను. ఐదు అనబోతున్నాను.

దీపం వెలిగింది. రాకెట్టు పోయింది.

నేను మీట మీద చెయ్యే వేయలేదు! ఇండికేటర్ బల్బు వెలగాలంటే వెళ్ళే కరెంటు ఆ తీగలోంచే వెళ్ళాలి. కోల్ బండికి వాడిన మొద్దు తీగలకి అది చాలదు. ఈ సున్నితపు దానికి ఎక్కువే. దీపం పెడదామని ఇల్లంటించుకోవడమంటే ఇదే.

పిన్ను ముందే గుచ్చి, నేను రాకెట్టు మీద వంగి క్లిప్పు పెడుతుంటే? ఆ ఆలోచన రాగానే గడ్డిలో కూర్చుండిపోయాను.

పైకి చూస్తే ఎర్ర పారాచూట్ విచ్చుకుంది. ఎంత బాగుందో. నా పెట్టెతో ఎగిరిన మొదటి రాకెట్టు, నన్ను అడక్కుండానే. గాలి దాన్ని మెల్లగా మోసుకుపోయి, గడ్డి మీద బంతులు దొర్లించి ఆడే బౌలింగ్ క్లబ్బు పచ్చిక నడిమధ్యలో దింపింది. గురువారం, ఆడవాళ్ళ ఆట. ఎదుటి పక్షం బంతి పక్కనే దిగిందట. అది లెక్కలోకి వస్తుందా రాదా అని వాళ్ళు ఇంకా వాదించుకుంటున్నారు.

అదే రోజు, సాయంత్రం

బల్బు పీకేశాను. తోటలో వెలిగే సోలార్ దీపంలోంచి ఎల్ఈడీ తీసి, దాని ముందు కరెంటుని అడ్డుకునే రెసిస్టర్ ఒకటి పెట్టాను. ఇప్పుడు వెళ్ళేది చీమంత కరెంటు. సున్నితపు తీగలు వరసగా పెట్టి చూశాను, దీపం వెలుగుతుంది, తీగ పలకదు. మీట నొక్కితేనే భగ్గుమంటుంది.

పిన్నుకి ఎర్ర తాడు కట్టి మెళ్ళో వేసుకున్నాను. రాకెట్టు దగ్గరికి వెళ్ళేటప్పుడు అది నా మెళ్ళోనే ఉంటుంది. స్నానానికి తప్ప తియ్యను.

జూలై 13, శనివారం

కోళ్ళగూడు దగ్గర లెక్క ప్రాక్టీసు. ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి, అప్పుడు గింజలు చల్లుతాను. కోళ్ళ ముందు నత్తి రాదు. పాట పాడినట్టు వస్తుంది.

వంటింట్లో అదే లెక్క, కోల్ పేపరు చదువుతుంటే. ఐదు బాగానే వచ్చింది. నాలుగు వచ్చింది. మూ, మూ, దగ్గర తలుపు మూసుకుపోయింది. మూడు! అన్నాడు కోల్, పేపరులోంచి తల ఎత్తకుండా. అంట్ల గుడ్డ విసిరాను. సాయం చేద్దామనుకున్నానే అన్నాడు.

సాయమేనని నాకూ తెలుసు. పెళ్ళికి ముందు నుంచీ చేస్తున్నాడు. రాజీపడిపోయాను కూడా. కాని ఇది నాది. పొలంలో అందరి ముందూ నా మూడు ఇంకొకరి నోట్లోంచి వస్తే, ఇక నేను మళ్ళీ ఎప్పుడూ నోరు తెరవను. ఆ సంగతి నాకు తెలుసు.

జూలై 20, శనివారం

ఈ రోజు జరిగింది తలుచుకుంటే నవ్వు ఆగట్లేదు. తర్వాత జరిగింది తలుచుకుంటే ఏడుపు వస్తోంది.

పిల్లల రోజంతా పెట్టె తట్టుకుంటుందా అని, మా షెడ్డులో పొద్దున్నుంచి తీగలు కాలుస్తూ కూర్చున్నాను. పెద్ద రోజుకి కావలసినదానికి రెట్టింపు కాల్చాను. మీటరు పెడితే బ్యాటరీ ఇంచుమించు నిండుగానే ఉంది. మరి ఇంత చిన్న బ్యాటరీకే చీమ కుట్టినట్టు లేకపోతే, అంత పెద్ద బండి బ్యాటరీని రాకెట్లు ఎలా తాగేస్తాయి?

భోజనం దగ్గర కోల్‌ని అడిగాను. ఆ రోజు బండి తలుపు తెరిచి రేడియోలో ఫుటీ మ్యాచ్ కామెంటరీ పెట్టావు కదా అన్నాను, చాలాసేపు పట్టింది. రేడియో ఎంత తాగుతుందే అన్నాడు. ఇంకా, బీరు చల్లగా ఉండాలని బండి సిగరెట్ లైటర్ గుంటలో గుచ్చావే, ఆ ఫ్రి, ఫ్రి, ఫ్రి...

ఫ్రిజ్! అన్నాడు కోల్.

అని, తేలు కుట్టిన దొంగలా ఆగిపోయాడు. నా మాట పూర్తి చెయ్యబోయి తన నేరం తనే ఒప్పుకున్నాడు. నేను కుర్చీలోంచి జారిపోయాను. తర్వాత తనూ నవ్వాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఫ్రిజ్ తిరిగిందే అని తల పట్టుకున్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. నిజాయితీపరుడు కదా, వెంటనే మెర్విన్‌కి ఫోన్ చేసి చెప్పాడు. ఇందాక మెర్విన్ నాకు ఫోన్ చేశాడు. శుభం నెరిడా, తప్పు రాకెట్లది కాదన్నమాట, కోల్ బండి మళ్ళీ వచ్చేసినట్టే, ఇక నీ డబ్బాతో పనిలేదు, నీకూ లెక్కపెట్టే బాధ తప్పింది అన్నాడు. సంతోషంగా అన్నాడు. నాకు ఉపకారం చేసినట్టు.

బాధ అని ఎవడు చెప్పాడు వాడికి? నేను అనేలోగా పెట్టేశాడు.

జూలై 21, ఆదివారం

కోల్‌తో మాట్లాడలేదు. నేను మాట్లాడలేదని తెలుసుకోవడానికి తనకి సాయంత్రం దాకా పట్టింది.

జూలై 24, బుధవారం

డల్సీకి చెప్పాను, మొత్తం, ఎంత సేపు పట్టినా. రెండు సిగరెట్లు అయ్యాయి. లెక్క నాకు కావాలి అని మీ ఆయనకి ఎప్పుడైనా చెప్పావా పిల్లా అంది. లేదు అన్నాను. మరి ఆయనకి కల వస్తుందా అంది.

ఇంటికి వచ్చి చెప్పాను. నాకు లెక్క పెట్టాలని ఉంది. వాక్యం చిన్నదే, కోల్ టీ చల్లారిపోయింది. మధ్యలో రెండుసార్లు నోరు తెరిచాడు, నేను చెంచా చూపించాను, మూసుకున్నాడు. అంతా విన్నాక బయటికి పోయి బండి కడిగాడు.

ఏమనుకోవాలి? బండి కడిగాడంటే పెద్ద రోజుకి తెస్తాడనేగా.

ఆగస్టు 10, శనివారం

రేపే. పెట్టె చార్జింగ్‌లో పెట్టాను, ఎందుకో.

ఆగస్టు 11, ఆదివారం

ముందు జరిగింది ముందు రాయాలి, లేకపోతే గంతులు వేసి ముగింపుకి పోతాను.

గాలి లేదు. ఆకాశం కడిగినట్టుంది. క్లెమ్ ఈసారి ఆ పొలంలో గోధుమ వేయలేదు, నేలంతా ఖాళీ. బస్సు దిగిన పిల్లలు, చేతుల్లో రంగురంగుల రాకెట్లు, ఒకదానికి గుడ్లు గిరగిర తిరిగే ప్లాస్టిక్ గూగ్లీ కళ్ళు కూడా. నేను శాండ్‌విచ్‌ల బుట్ట మోసుకెళ్ళాను. మరో చేతిలో గాలాల పెట్టె. దాన్ని ఇంట్లో వదిలి రావడం నా వల్ల కాలేదు.

కోల్ వేరే పని ఉందని బండిలో విడిగా వచ్చాడు. వచ్చి, లాంచింగ్ జాగా పక్కన ఆపాలి కదా, కంచె అవతల, వైరు ఎంత లాగినా అందని చోట ఆపాడు. మెర్విన్ క్లిప్పులు పట్టుకుని పరిగెత్తాడు. కోల్ తలుపు తీశాడు. ఫ్రిజ్ తిరుగుతోంది. రేడియో మోగుతోంది. హెడ్‌లైట్లు కూడా వేశాడు, పట్టపగలు.

నా బ్యాటరీకి తీరిక లేదయ్యా అన్నాడు, పొలమంతా వినబడేలా. దానికి బీరు చల్లబరచడమే సరిపోతోంది. అటు మ్యాచ్‌లో మొదటి క్వార్టర్ కూడా మొదలైంది. కరెంటు కావాలంటే మా ఆవిడని అడుక్కోండి.

వెధవ. నా బంగారు వెధవ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎండ అని చెప్పుకున్నాను.

మెర్విన్ క్లిప్పులు చుట్టేసి నా దగ్గరికి వచ్చి, టోపీ తీసి, ఆనవాయితీ ఆనవాయితీయేనమ్మా అన్నాడు.

మొదటి రాకెట్టు గూగ్లీ కళ్ళది. పాప క్లిప్పులు పెట్టేదాకా పక్కనే ఉన్నాను, పిన్ను నా మెళ్ళో ఉంది. వెనక్కి వచ్చి గుచ్చాను. ఎల్ఈడీ వెలిగింది, రాకెట్టు బుద్ధిగా నిలబడింది. అందరూ నా వైపు తిరిగారు.

ఐదు. వచ్చింది. నాలుగు. వచ్చింది.

మూ.

మూ.

తలుపు మూసుకుంది. పొలం మొత్తం చప్పుడు లేదు, దూరంగా కోల్ బండి రేడియో తప్ప. చెవులు మండిపోతున్నాయి. ఇప్పుడు అంటాడు, ఇప్పుడు అంటాడు అని కోల్ వైపు చూశాను. కంచె మీద చేతులు ఆనించి నిలబడి ఉన్నాడు. నోట్లో సాసేజ్ రొట్టె. కొరకడం కాదు, మొత్తం కుక్కుకున్నాడు. బుగ్గలు ఉబ్బిపోయి, మొహం ఎర్రబడిపోయి, కళ్ళు బయటికొచ్చి, ఒక్క అక్షరం కూడా బయటికి రాకుండా రెండు చేతులతో మూతి మూసుకుని ఉన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నవ్వులో నత్తి ఉండదు.

మూడు! రెండు! ఒకటి!

నొక్కాను. గూగ్లీ కళ్ళు బుస్సుమని ఆకాశంలోకి పోయాయి. పిల్లల అరుపులకి కంచె మీది కాకతువ్వలన్నీ లేచిపోయాయి. కోల్ రొట్టె మింగలేక దగ్గుతూ చప్పట్లు కొడుతున్నాడు, చూడ్డానికి వచ్చిన డల్సీ అతని వీపు బాదుతోంది.

తర్వాత అన్నీ ఎగిరాయి. కొన్ని లెక్కలు సాఫీగా వచ్చాయి, కొన్ని ఆగాయి. ఆగినప్పుడల్లా పిల్లలు ఊపిరి బిగబట్టి మునివేళ్ళ మీద లేచేవాళ్ళు. మధ్యాహ్నానికి ఒక పాప వచ్చి, ఆంటీ, నాది కూడా మూడు దగ్గర ఆపుతావా, అలా అయితే చాలా భయంగా బాగుంటుంది అని అడిగింది. కావాలని ఆపడం నాకు చేతకాదమ్మా అన్నాను. ఆ మాట గడగడా వచ్చేసింది.

సాయంత్రం పెట్టెలో ఇంకా బోలెడు కరెంటు ఉంది. కోల్ బండి టక్కుమంది. మళ్ళీ అందరం తోశాం.

ఆగస్టు 12, సోమవారం

పొద్దున కోళ్ళగూడు దగ్గర, మూడు దగ్గర ఆగిపోయాను. కోళ్ళ ముందు మొదటిసారి. కోళ్ళు ఆగాయి. వెనక టీ కప్పుతో కోల్ ఆగాడు. ఎవరికీ తొందర లేదు.